మెత్తగా తొక్కిన బ్రేకు

"ఆ లైటు వెలిగితే ఒక భయం, వెలక్కపోతే ఇంకో భయం. అసలు చూడకుండా ఊరుకోకూడదా?" అన్నాను నేను, మెకానిక్కు తన షెడ్డు తలుపు ఇంకా పూర్తిగా తీయకముందే.

మా ఆయన రెండో రెక్కను భుజంతో నెట్టారు. మెకానిక్కు తాళాల గుత్తిని నడుముకు దోపుకుంటూ నా వైపు చూసి నవ్వాడు. అది నా మాటకు వచ్చిన నవ్వు కాదు, నా మాటలకు అలవాటు పడ్డ మనిషి నవ్వు. మా అమ్మాయి అందరికన్నా వెనక, గడపకు అవతలే నిలబడింది.

ఆస్పత్రిలో జరిగిన గొడవ మీకు గుర్తుండే ఉంటుంది. మధ్యలో వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. మాది అద్దాల కొట్టు. కిటికీలకు, బీరువాలకు, షాపుల ముఖాలకు అద్దాలు కోసి, తీసుకెళ్ళి బిగించి వస్తాం. మా ఆయనకు మోకాలు అరిగిపోయాక ఆయన కొట్లో ఉండి కోస్తున్నారు, వ్యాను అమ్మాయి నడుపుతోంది. ఆ వ్యాను అమ్మాయికన్నా వయసులో పెద్దది. ఇంట్లో అందరం దాన్ని ముసలిది అనే అంటాం. మొన్న పొద్దువాలే వేళ, రోడ్డు తవ్వి వదిలేసిన చోట అమ్మాయి ముసలిదాన్ని ఆపింది. వెనకే స్కూటరు మీద వస్తున్న టైలరు నేరుగా వచ్చి వెనక తలుపుకు కొట్టుకున్నాడు. లోపల నిలబెట్టి కట్టిన అద్దాల్లో ఒక్కటీ చిట్లలేదు. బయట ఆయన కుడిచేతి మణికట్టు విరిగింది. కత్తెర పట్టే చెయ్యి.

టైలరు చెప్పేది ఒకటే. ముందు బండికి బ్రేకు లైటు వెలగలేదు, అది ఆగుతోందని తనకు తెలియలేదు. మా ఆయన ఆస్పత్రిలో టైలరు మంచం పక్కనే నిలబడి, నా బండికి లైటు వెలగకపోవడం ఉండదు, నీకే కళ్ళు కనపడలేదు అనేశారు. టైలరు గోడ వైపు తిరిగాడు. ఆయన భార్య మాత్రం మా ఆయన్ను పైనుంచి కిందికి చూసి, "కళ్ళు కనపడకపోతే ఇన్నేళ్ళూ సూదిలోకి దారం మీరొచ్చి ఎక్కించి వెళ్ళారా?" అంది.

ఆ మాట విన్నప్పటి నుంచి మా అమ్మాయి నోరు విప్పలేదు. తింటావా అంటే తల ఊపుతుంది. నిద్రపట్టిందా అంటే అదీ లేదు. చిన్నప్పుడు జ్వరమొస్తే ఒళ్ళు కాలిపోతున్నా ఏమీ లేదనేది. ఇప్పుడా ఏమీ లేదు అన్న మాట కూడా లేదు.

రేపు పొద్దున బండ్ల ఇన్‌స్పెక్టరు షెడ్డుకే వచ్చి చూస్తానన్నాడు. అంతవరకు బండిని ఉన్నదున్నట్టు ఉంచమన్నాడు. మా ఆయనకు అంత ఓపిక ఎక్కడిది? చూడటం వేరు, ముట్టుకోవడం వేరు అని తేల్చేసి, భోజనాలవగానే మమ్మల్ని షెడ్డుకు లాక్కొచ్చారు.

నా భయం ఏమిటో ఆయనకు చెప్పినా అర్థం కాదు. లైటు వెలగలేదని తేలితే తప్పు అమ్మాయి మీద పడుతుంది. లైసెన్సు తీసేసుకుంటారు. నా ఆలోచన లైసెన్సు దగ్గర ఆగే రకం కాదు. అది కోర్టు మెట్లెక్కి, అక్కడ కూర్చోవడానికి బల్ల ఉంటుందో ఉండదో చూసుకుని, జైలు గేటు దాకా నడిచి వచ్చింది. సరే, వెలుగుతుందని తేలిందనుకోండి. అప్పుడు మంచం మీదున్న మనిషి అబద్ధాలకోరు అవుతాడు. అతని చెయ్యి అతని తప్పే అవుతుంది. ఆ ఇంట్లోవాళ్ళ ఉసురు ఎక్కడికి పోతుంది?

మెకానిక్కు మాకు చుట్టం కాదు. కానీ ఎప్పటినుంచో నన్ను అక్కా అంటాడు కాబట్టి మా ఆయన అతనికి బావగారైపోయారు, అమ్మాయికి అతను మావయ్య అయిపోయాడు. ముసలిదాని రోగాలన్నీ తెలిసినవాడు అతనే. షెడ్డు వెనక గోడకు నిలువెత్తు అద్దం ఒకటి ఆనించి ఉంటుంది. మూల విరిగిందని మా కొట్టు నుంచి మేమే ఇచ్చాం. బండిని దానికి వీపు పెట్టి నిలిపితే, సీట్లో కూర్చున్న మనిషి పక్క అద్దంలోంచి తన వెనక లైట్లు తానే చూసుకోవచ్చు. అయినా నన్ను బండి వెనక నిలబెట్టాడు. ఏదో ఒక పని చెప్పకపోతే నేను షెడ్డంతా తిరిగి ఏది మీద పడుతుందో, ఏది అంటుకుంటుందో వెతుకుతానని అతనికి తెలుసు.

మా ఆయన మోకాలు పట్టుకుని మూలుగుతూ సీటెక్కారు.

"తొక్కండి బావగారూ. ఆ మోకాలి మీద కోపం పెడలు మీద చూపించకండి, విరుగుతుంది."

"మీ అక్క నన్నిన్నేళ్ళు తొక్కితేనే విరగలేదు, ఇదా విరిగేది?" అంటూ ఆయన కాలు దించారు.

రెండు లైట్లూ ఎర్రగా వెలిగాయి. నా చీర కుచ్చిళ్ళ మీద ఆ ఎరుపు పడింది. కాలు తీశారు, ఆరిపోయాయి. మళ్ళీ తొక్కారు, వెలిగాయి. మా ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి నా వైపు చూశారు. ఆ చూపులోనే అంతా అనేశారు. ఇక తలుపులు మూసి ఇంటికి పోదామన్నట్టు సీట్లోంచి దిగబోయారు.

మెకానిక్కు ఒప్పుకోలేదు. పాత బండి లైటు మనింట్లో బుద్ధిమంతురాలిలా ఉండి, రోడ్డెక్కాక అల్లరి చేస్తుందన్నాడు. ముందు రాత్రి లైట్లు వేయించాడు. అవీ వెలిగాయి. వెనక వైపు ఎర్ర మూతలు విప్పి బల్బులు బయటికి తీసి నాకు చూపించాడు. ఒకే బల్బులో రెండు తీగలుంటాయట, ఒకటి రాత్రి లైటుకు, రెండోది బ్రేకుకు. ఒక తీగ తెగిపోయినా రెండోది వెలుగుతుంది కాబట్టి జనం మోసపోతుంటారట. మా బల్బుల్లో రెండు తీగలూ నిక్షేపంగా ఉన్నాయి. మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టాడు. హోల్డర్లను వేలితో కదిపాడు, స్క్రూడ్రైవరు పిడితో బండి ఒంటి మీద అక్కడక్కడా కొట్టాడు, లూజు ఉంటే ఆ అదురుకు లైటు మినుకుమనాలి. మా ఆయన బ్రేకు మీద కాలు పెట్టుకునే ఉన్నారు. లైటు కన్నార్పలేదు. ఫ్యూజుల పెట్టె తెరిచి బ్రేకు ఫ్యూజును వెలుతురుకు పెట్టి చూశాడు. బాగుంది. లైటు దగ్గరి నుంచి బండి ఇనుముకు బిగించే ఎర్తు వైరు చుట్టూ కాస్త తుప్పు పట్టింది. దాన్ని గీకితే మంచిదే గానీ, ఉన్నదున్నట్టు ఉంచమన్నారు కదా అని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తన టెస్టు లైటు అక్కడ ఆనించి చూస్తే కరెంటు సరిగానే వస్తోంది. ఇంజను వేసి చూశాడు, కాసేపు వేడెక్కనిచ్చి చూశాడు.

ప్రతిసారీ అదే ఎరుపు. చివరికి చేతులు గుడ్డకు తుడుచుకుంటూ, దీనికి ఏ జబ్బూ లేదక్కా అన్నాడు.

నాకు ఊపిరాడాలి కదా. ఆడలేదు. మంచం మీద కూర్చుని, కట్టుకట్టిన చేతిని ఇంకో చేత్తో పిల్లను మోసినట్టు మోస్తున్న మనిషి కళ్ళ ముందు నుంచి పోలేదు. ఆ రోజు ఆయన గట్టిగా అరిచి ఉంటే నమ్మకపోదును. అరవలేదు. వెలగలేదండీ, అని మెల్లగా చెప్పి గోడ వైపు తిరిగాడు.

అప్పుడు నేనన్నాను, ఒక్కసారి అమ్మాయిని ఎక్కి తొక్కమనండి అని.

మా ఆయన విసుక్కున్నారు. ఎవరి కాలైనా కాలే కదా, నీకు ఇది చాలదా, ఇంకేం వెతుకుతున్నావు అన్నారు. నేనేం వెతుకుతున్నానో నాకూ తెలియదు. కానీ ఒక సంగతి తెలుసు. ముసలిదాంట్లో అమ్మాయి పక్కన కూర్చున్నప్పుడల్లా బ్రేకు నేను తొక్కుతాను. నా సీటు ముందు పెడలుండదు, ఉత్త రేకే. ముందు ఏదైనా అడ్డమొస్తే చాలు, నా కాలు ఆ రేకును దిగతొక్కేస్తుంది. అలా తొక్కుతూ ఎన్నోసార్లు అమ్మాయి కాలు వైపు చూశాను. ఆ కాలు కదిలినట్టే ఉండదు. అయినా బండి ఆగిపోతుంది. ఎలా ఆగిందో తెలియక, ఆగిందన్న నమ్మకం లేక, నేనింకా రేకును తొక్కుతూనే ఉంటాను. అదీ సంగతి.

మెకానిక్కు మా ఆయన వైపు, నా వైపు చూసి, పోయేదేముంది బావగారూ అన్నాడు. మా ఆయన దిగారు. అమ్మాయి గడప దాటి లోపలికొచ్చింది. నా పక్కనుంచే పోయింది, నా వైపు చూడలేదు. సీటు ముందుకు జరుపుకుంది, పక్క అద్దం తన ఎత్తుకు సర్దుకుంది. రోజూ చేసే పనే.

"రోడ్డు మీద ఎలా తొక్కుతావో అలాగే తొక్కమ్మా" అన్నాడు మెకానిక్కు.

నేను ఎర్ర మూతల వైపే చూస్తున్నాను. ఏమీ కాలేదు. ఇంకా తొక్కలేదేమో అనుకున్నాను. తొక్కమని చెప్పు తమ్ముడూ అన్నాను. మెకానిక్కు తెరిచిన తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని లోపలికి చూస్తున్నాడు. కాసేపటికి, తొక్కింది అక్కా, తొక్కే ఉంది, అన్నాడు. గొంతులో మునుపటి వేళాకోళం లేదు.

మా ఆయన నమ్మలేదు. కాలు ఊరికే ఆనించిందేమో, బ్రేకు పట్టి ఉండదులే అన్నారు. షెడ్డులో నేల, బళ్ళు కడిగిన నీళ్ళు పోవడానికి కాలువ వైపు వాలుగా ఉంటుంది. మెకానిక్కు గేరు తీయించి, హ్యాండ్ బ్రేకు దించమన్నాడు. బండి వాలుకు మెల్లగా ముందుకు కదిలింది. వెనకున్నా నేను పక్కకు తప్పుకున్నాను. అమ్మాయి కాలు పెట్టింది. బండి ఆగింది. కుదుపు లేదు, కిర్రుమన్న చప్పుడు లేదు. నీళ్ళలో పడవ ఒడ్డుకు ఆనినట్టు ఆగింది. మెకానిక్కు వెనక్కొచ్చి రెండు చేతులతో నెట్టాడు, కదల్లేదు. బ్రేకు పట్టుకునే ఉంది.

వెనక లైట్లు రెండూ చీకటిగా ఉన్నాయి.

కాలు తీసింది, కదిలింది. పెట్టింది, ఆగింది. వెలగలేదు. గోడకానించిన ఆ పెద్ద అద్దంలో ముసలిదాని వెనక భాగమంతా కనపడుతోంది, రెండు కళ్ళూ మూసుకుని నిలబడినట్టు. ముందు పక్క అద్దంలో అమ్మాయి ముఖం కనపడింది. అదీ అటే చూస్తోంది. నేను చూసింది తనూ చూసింది. టైలరు చూసింది మేమిద్దరం చూశాం.

ఏవండీ అన్నాను. ఆయన నా వైపు కాదు, తన చేతుల వైపు చూసుకుంటున్నారు.

ఎందుకంటే అలా తొక్కడం నేర్పింది ఆయనే. అద్దాలు మోసే బండి మామూలు బండిలా ఆగకూడదు. ఇసక బస్తాలు ఒకదాని మీదొకటి పడితే పోయేదేమీ లేదు, అద్దం ఒక్క కుదుపుకు ఇంకో అద్దాన్ని ముద్దు పెట్టుకుంటే రెండూ పోతాయి. అందుకని అమ్మాయికి బండి నేర్పేటప్పుడు వెనక పనికిరాని అద్దాలు కట్టించి, చప్పుడు వినపడితే చాలు, మొదట్నించీ మళ్ళీ అనేవారు. బ్రేకును తొక్కకూడదమ్మా, అడగాలి అనేవారు. దూరం నుంచే గేరు తగ్గించుకుంటూ వచ్చి, చివర్లో పెడలు మీద పాదం బరువు వేస్తే చాలనేవారు. అమ్మాయి ఆయన్ను మించిపోయింది. ఆయన పక్కన కూర్చుని వెళ్ళొచ్చిన రోజు కొట్లో అందరితో, వెనక అద్దాలు నిద్రపోయాయి అని చెప్పుకున్నారు.

ఆ మోకాలు పాడయ్యాక మెత్తగా తొక్కడం ఆయన వల్ల కావడం లేదు. ఇవాళ బలంగా తొక్కారు. అందుకే వెలిగింది.

మెకానిక్కు టార్చి నోట కరుచుకుని, పెడళ్ళ కిందికి వెల్లకిలా దూరాడు. కాళ్ళు మాత్రం బయట ఉన్నాయి. కాసేపటికి నన్ను పిలిచి, వంగి చూడమన్నాడు. పెడలు పైన ఇనప చెయ్యి ఒకటి, దాని ఎదురుగా చిటికెన వేలంత స్విచ్చి, ఆ స్విచ్చికి కదిలే పుల్ల. మనం కాలు పెట్టనప్పుడు పెడలు ఆ పుల్లను లోపలికి నొక్కి ఉంచుతుంది, లైటు ఆరి ఉంటుంది. కాలు పెడితే పెడలు దూరం జరుగుతుంది, పుల్ల బయటికొస్తుంది, లైటు వెలుగుతుంది. తలుపు తీస్తే వెలిగే ఫ్రిజ్జు లైటు లాంటిదే అక్కా అన్నాడు. అర్థమైంది. ఆ పుల్ల తగిలే చోట పెడలుకు చిన్న రబ్బరు బిళ్ళ ఉండాలట. దాని చోట ఇంకేదో ఉందన్నాడు. అది బాగా మందంగా ఉండటంతో పుల్ల మరీ లోపలికి పోయి కూర్చుంది. పెడలు చాలా దూరం దిగితే తప్ప అది బయటికి రాదు. అమ్మాయి పెడలు అంత దూరం దిగదు.

మేమెవ్వరం వద్దనేలోపే అతను గోటితో దాన్ని ఊడదీశాడు. బయటికొచ్చి అరచేతిలో పెట్టి చూపించాడు.

ఫెల్టు. అద్దానికీ అద్దానికీ మధ్య గీతలు పడకుండా పెట్టే మెత్తటి ఉన్ని గుడ్డ. మా కొట్లో నేల మీద ఎటు చూసినా దాని ముక్కలే. ఇంట్లో కుర్చీ కాళ్ళకు కూడా అదే అంటించి ఉంటుంది.

మా ఆయన బండి రేకు పట్టుకుని నిలబడ్డారు. నేనే పెట్టాను అన్నారు. దాచలేదు. ఎప్పుడో ఆ రబ్బరు బిళ్ళ పొడిపొడిగా రాలిపోయిందట. కాలు తీసినా లైటు ఆరక, రాత్రంతా వెలిగి, పొద్దున్నే బ్యాటరీ చచ్చి పడుండేదట. ఈ బండికి ఆ బిళ్ళ ఎక్కడా దొరక్కపోతే చేతికందిన ఫెల్టు ముక్క అంటించారట. ఆ తర్వాత ఏ ఇబ్బందీ లేదు. నేను నడిపినన్నాళ్ళూ లైటు వెలిగింది, అది ఒట్టు, అన్నారు.

"ఒకటేనా బావగారూ?" అన్నాడు మెకానిక్కు.

ఒకటే అన్నారాయన.

మెకానిక్కు గోటితో ఆ ముక్క అంచు లేపాడు. అది రెండుగా విడింది. కిందిది బూడిద రంగు, నలిగి నలిగి తోలులా గట్టిపడింది, పలచబడింది. పైది పచ్చది. కొత్తది, ఇంకా నూగు కూడా పోలేదు.

మేము పచ్చ ఫెల్టు కొనడం మొదలుపెట్టింది మొన్న మొన్ననే. అప్పటికి మా ఆయన బండెక్కడం మానేసి చాలా కాలమైంది. పచ్చ చుట్ట తెచ్చింది అమ్మాయి, వ్యానులో ఒక ముక్క ఉంచుకునేది అమ్మాయి.

ముగ్గురం అమ్మాయి వైపు తిరిగాం. సీట్లోనే ఉంది, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని. మా ఆయన మెల్లగా అడిగారు, మళ్ళీ లైటు ఆరకుండా ఉండిపోయిందా అని. తల ఊపింది. బ్యాటరీ దిగిపోయిందా? ఊపింది. నేను చేసినట్టే చేశావా? ఈసారి ఊపలేదు, ఆయన ముఖంలోకి చూసింది. ఆయనకు జవాబు దొరికింది. ఒకరు చేసింది ఇంకొకరికి చెప్పుకుంటే సగం ముక్కతో సరిపోయే పని. పాతదాని మీదే కొత్తది పడింది.

ఇంట్లో చెప్పొచ్చు కదా, నాకైనా ఒక్క మాట చెప్పొచ్చు కదా అన్నాను.

"నీకు చెప్తే బండి పొద్దున్నే తుక్కు కొట్లో ఉండేది" అన్నారు మా ఆయన. కోపంగా కాదు. ఉన్నమాట అన్నట్టు.

ఆ తర్వాత ఆయన ముందుకొచ్చి, మెకానిక్కు అరచేతిలోంచి పచ్చ ముక్కను తీసుకున్నారు. బూడిద రంగుది మాత్రం వదిలేశారు. ఆయన గొంతు తగ్గించి మాట్లాడటం నేను చాలా అరుదుగా విన్నాను.

"కిందిది మళ్ళీ అంటించు, లైటు ఆరడానికి ఆ మందం చాలకపోతే అడుగున కాస్త కాగితం మడిచి పెట్టు. దాంతో వెలుగుతుంది, ఎవరు తొక్కినా. రేపు ఇన్‌స్పెక్టరొస్తాడు, తొక్కి చూస్తాడు, రాసుకుపోతాడు. అంతే. దీని సంగతి మన నలుగురికే తెలుసు."

మెకానిక్కు నేల వైపు చూశాడు. నేను ఈ ముక్క చూడలేదంటే చూడలేదు బావగారూ, కానీ చూశావా అని ఎవరైనా సూటిగా అడిగితే నా నోటికి అబద్ధం సరిగా రాదు, అన్నాడు. అడక్కపోతే చెప్పకు, అన్నారు మా ఆయన. మరి టైలరు సంగతేమిటన్నాడు మెకానిక్కు. చెయ్యి అతుక్కుంటుంది, అతుక్కునేదాకా మనం చూసుకుందాం, తప్పు మనదని కాగితం మీద ఎక్కనక్కర్లేకుండా చేయొచ్చు అన్నారు. అంటూనే నా చేతిలో ఆ పచ్చ ముక్క పెట్టారు. కొట్లో విరిగిన అద్దం ముక్కలు ఏరి నా చేతికే ఇస్తారు, ఎవరి కాలికీ గుచ్చుకోకుండా నేను పారేస్తానని. అలాగే ఇచ్చారు.

బొటనవేలు గోరంత ముక్క. బరువే లేదు. నిజం చెప్తున్నాను, నా గుప్పిట దానంతటదే మూసుకుంది. లైసెన్సు, కోర్టు మెట్లు, జైలు గేటు, అన్నీ ఆ గుప్పిట్లో పట్టాయి. షెడ్డు బయట కాలువ పారుతోంది. అటు నడిచి వేళ్ళు వదిలితే చాలు. నా బిడ్డ రేపు పొద్దున్న మళ్ళీ ముసలిదాన్నెక్కి పనికిపోతుంది. నేను పక్క సీట్లో కూర్చుని రేకు తొక్కుకుంటాను.

కాలువ వైపు అడుగు కూడా వేశాను.

అప్పుడు టైలరు భార్య కళ్ళ ముందుకొచ్చింది. వాళ్ళాయనకు కళ్ళు కనపడవని రేపు కాగితం మీద రాస్తారు. చూపు లేని టైలరుకు ఎవరు బట్టలిస్తారు? చెయ్యి అతుక్కున్నా ఆ మాట అతుక్కునే ఉంటుంది. ఆవిడా పిల్లల తల్లే. ఇవాళ ఆవిడకు ఎన్ని భయాలో, నా భయాలన్నీ వాటి పక్కన నిలబడతాయో లేదో.

వెనక్కి వచ్చాను. అమ్మాయి కూర్చున్న తలుపు దగ్గర నిలబడి గుప్పిట తెరిచాను.

"నాన్న చెప్పింది విన్నావు. నాకైతే దీన్ని పారేయాలనే ఉంది. పారేయమంటే పారేస్తాను, మళ్ళీ జన్మలో ఈ మాట ఎత్తను. కానీ బండి నడిపింది నువ్వు, ముక్క పెట్టింది నువ్వు. నువ్వు చెప్పు."

అది నా అరచేతి వైపు చూసింది.

మా ఆయన దాన్ని అడిగేదేముంది అన్నారు. మెకానిక్కు ఆయన మోచెయ్యి పట్టుకుని ఆపాడు. షెడ్డులో ఎక్కడో కుళాయి చుక్కలు బకెట్లో పడుతున్నాయి. రోడ్డు మీద ఏదో లారీ పోయింది, గోడకానించిన అద్దం సన్నగా అదిరింది. ఆ అదురు కూడా ఆగిపోయింది. అమ్మాయి స్టీరింగు మీద నుంచి ఒక చెయ్యి తీసింది, మళ్ళీ పెట్టింది. ఇప్పుడు ఏడుస్తుంది అనుకున్నాను. ఏడిస్తే ఇంటికి తీసుకుపోదాం, ఆ తర్వాత ఏమైనా చేసుకోవచ్చు అనుకున్నాను. ఏడవలేదు. చాచిన చెయ్యి దించలేదు.

అమ్మాయి బండి దిగింది. నా అరచేతిలోంచి పచ్చ ముక్క తీసుకుంది. నడిచివెళ్ళి మెకానిక్కు చేతిలో మిగిలిన బూడిద రంగు ముక్క కూడా అడిగి తీసుకుని, ఒకదాని మీద ఒకటి, అంచులు కలిసేలా సర్దింది. ఇన్నాళ్ళూ మాట్లాడని గొంతు బొంగురుపోయి వచ్చింది.

"మావయ్యా, జిగురుందా? ఎక్కడున్నవి అక్కడే అంటించెయ్. తీసి చూశామని కూడా ఇన్‌స్పెక్టరుకు చెప్తాను. రేపు బ్రేకు నేను తొక్కుతాను."